కుండీలో మట్టి, నేలలో మట్టి

కర్నూలు, గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడి భూములు పత్తికి పెట్టింది పేరు. అదునుకు ఒక వాన కురిస్తే చాలు, ఆ నేలలో పత్తి, జొన్న, శనగ నిండుగా పండుతాయి. అయితే అదే నల్లరేగడిని తట్టెడు తెచ్చి కుండీలో నింపి, అందులో ఒక మనీప్లాంటును నాటి, ప్రతిదినం శ్రద్ధగా నీరు పోసినచో, రెండు మాసాలు తిరగకముందే ఆకులు పసుపువారి, వేరు కుళ్ళి అది చనిపోవడం తరచుగా చూస్తున్నాము. మట్టి సారవంతమైనదే. నీటికి కొరత లేదు. మొక్క కూడ స్వభావరీత్యా మొండిది. మరి లోపం ఎక్కడ ఉన్నది? ఈ ప్రశ్నకు సమాధానం వృక్షశాస్త్రంలో కంటె భౌతికశాస్త్రంలోనే ఎక్కువగా లభిస్తుంది. కావున ఈ విషయం మన కళాశాలలోని జీవశాస్త్ర విద్యార్థులకే గాక తక్కినవారికి కూడ ఆసక్తికరంగా ఉండగలదు. ఏటేటా మొక్కలకూ కుండీలకూ సొమ్ము మంజూరు చేసే కమిటీ పెద్దలకు ఉపయోగపడునని కూడ ఆశించవచ్చును.

వేరు నీటిని పీల్చే గొట్టం మాత్రమే కాదు. అది శ్వాసించే సజీవ కణజాలం. ఆకువలె సూర్యకాంతితో తన ఆహారాన్ని తాను తయారుచేసుకొనలేదు గనుక, పైనుండి వచ్చిన చక్కెరను ప్రాణవాయువుతో దహించి, ఆ శక్తితోనే లవణాలను లోనికి లాగుకొంటుంది. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండగా, సాధారణ ఉష్ణోగ్రతలో ఒక లీటరు నీటిలో కరిగి ఉండేది 8 మిల్లీగ్రాములు మాత్రమే. అంతేకాదు, ప్రాణవాయువు గాలిలో వ్యాపించే వేగంతో పోల్చితే నీటిలో వ్యాపించే వేగం దాదాపు పదివేల వంతులు తక్కువ. కావున మట్టిరేణువుల మధ్యనున్న ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేరు చుట్టూ ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువు కొన్ని గంటలలోనే ఖర్చయిపోతుంది. మన వేసవిలో ఈ కష్టం ఇనుమడిస్తుంది. వేడి పెరిగినకొద్దీ వేరు శ్వాస హెచ్చుతుంది, నీటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు. అందుచేత నీటిలో నానుతున్న మొక్క కూడ ఎండిన మొక్కవలెనే తల వేలవేస్తుంది. దానిని చూచిన తోటమాలి దాహమనుకొని మరొక చెంబు నీరు పోస్తాడు. మన వరండాలలోని మొక్కలలో అధికభాగం ఎండి చావలేదు, ఈ దయాగుణం వల్లనే చనిపోయినవి అనవలసి ఉన్నది. అట్టి బలహీనమైన వేళ్ళను పిథియం, ఫైటోఫ్తొరా వంటి శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవులు సులభంగా ఆక్రమిస్తాయి. నారుకుళ్ళు కూడ ఈ కోవకు చెందినదే.

పొలంలో ఇదే మట్టి ఇట్లు ప్రవర్తించకపోవడానికి కారణం లోతు. పొలంలో నీటిని క్రిందికి లాగే మట్టిస్తంభం ఎన్నో అడుగుల పొడవున్నది. కుండీలోని స్తంభం జానెడు. కేశనాళికాకర్షణను గురించి ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రంలో చదివిన సూత్రాన్ని ఇక్కడ జ్ఞాపకం చేసికొనండి. సన్నని నాళికలో నీరు ఎంత ఎత్తు నిలుస్తుందో అది నాళిక వ్యాసానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఒక మిల్లీమీటరు వ్యాసంగల నాళికలో నీరు రమారమి 3 సెంటీమీటర్ల ఎత్తు నిలుస్తుంది. మిల్లీమీటరులో పదోవంతు వ్యాసంగల నాళికలో 30 సెంటీమీటర్లు నిలుస్తుంది. బంకమట్టిలోని ఖాళీలు ఇంతకంటె కూడ సన్నవి. కుండీ ఎత్తు 20 సెంటీమీటర్లే అయినప్పుడు, వాటిలోని నీరు అడుగున ఎన్ని రంధ్రాలున్నా క్రిందికి దిగదు. తలతన్యత దానిని పట్టి ఉంచుతుంది. ఏ మిశ్రమంలోనైనా కుండీ అడుగున ఇట్లు నీటితో నిండిన పొర ఒకటి ఏర్పడుతుంది. దాని మందం మిశ్రమంలోని రేణువులనుబట్టి ఉంటుంది గాని కుండీ పరిమాణాన్నిబట్టి ఉండదు. ఆ పొర 5 సెంటీమీటర్లు ఉన్నదనుకొందాము. 20 సెంటీమీటర్ల కుండీలో అది నాల్గవ వంతు మాత్రమే. 10 సెంటీమీటర్ల పళ్ళెంవంటి కుండీలో సగం. అందుచేతనే కుండీ ఎంత పొట్టిదైతే మిశ్రమం అంత గుల్లగా ఉండవలెను.

ఇది నమ్మశక్యం కానివారు ఒక చిన్న ప్రయోగం చేయవచ్చును. నల్లబల్ల తుడిచే స్పాంజిని నీటిలో ముంచి, అరచేతిలో బల్లపరుపుగా పట్టుకొనండి. కారేదంతా కారి ఆగిపోయిన తరువాత దానిని నిలువుగా తిప్పండి. పిండకుండానే మరికొంత నీరు ధారగా కారుతుంది. స్పాంజి మారలేదు, రంధ్రాలు మారలేదు, ఎత్తు ఒక్కటే మారినది.

ఇక్కడ ఒక దురభిప్రాయాన్ని తొలగించవలసిన అవసరం ఉన్నది. నీరు బాగా ఇంకుటకై కుండీ అడుగున కంకరరాళ్ళు, పెంకులు మందంగా పరచవలెనని తోటమాలులూ పుస్తకాలూ తరతరాలుగా చెప్పుచున్నారు. పైన చెప్పిన సూత్రాన్ని గ్రహించినవారికి దీనిలోని పొరపాటు వెంటనే తెలుస్తుంది. సన్నని ఖాళీలు గల మట్టిలోనున్న నీరు, పెద్ద ఖాళీలు గల కంకరలోనికి తనంతట దిగదు. పై మట్టి అడుగుభాగం పూర్తిగా నిండిన తరువాతనే బొట్టు జారుతుంది. అనగా నీటిపొర ఎక్కడికీ పోలేదు. కంకర ఎంత మందమో అంత పైకి లేచి, వేళ్ళకు మరింత దగ్గరైనది. రంధ్రంగుండా మట్టి జారిపోకుండా ఒక పెంకుముక్కనో కొబ్బరిపీచునో అడ్డం పెట్టిన చాలును. బండ్లకొద్దీ కంకరకై ఖర్చు పెట్టవలసిన పని లేదు.

మట్టి బిగువుగా ఉన్నదని గుప్పెడు ఇసుక కలిపి తృప్తిపడేవారు మరికొందరు. సోలెడు శనగలలో సోలెడు ఆవాలు కలిపితే రెండు సోలలు కావని మన ఇండ్లలో స్త్రీలందరికీ తెలిసిన విషయమే. ఆవాలు పోయి శనగల మధ్య సందులలో దాగుకొంటాయి. మట్టిలోనూ అంతే. బంకమన్ను రేణువు వ్యాసం మిల్లీమీటరులో 500వ వంతుకంటె తక్కువ. ఇసుక రేణువు దానికంటె ఎన్నో రెట్లు పెద్దది. కొద్ది ఇసుకను ఎక్కువ బంకమట్టిలో కలిపితే ఇసుకరేణువులు బంకలో తేలియాడుతూ, ఎండినప్పుడు మొత్తం ఇటుకవలె గట్టిపడుతుంది. ఇసుక పని చేయవలెనంటే రేణువులు ఒకదానినొకటి తాకేటంతగా, అనగా సగానికి మించి, కలపవలె. అది కూడ ముతక ఇసుక కావలె. ఇండ్ల నిర్మాణంలో వాడే రాతి ఇసుకలో సన్నని రాతిపొడి అధికంగా ఉండి ఖాళీలను పూడ్చివేస్తుంది గనుక జల్లించి, కడిగి వాడవలెను. సముద్రపు ఇసుక ఉప్పు కారణంగా అసలే పనికిరాదు.

మన ప్రాంతపు మట్టులను గురించి రెండు మాటలు. నల్లరేగడిలో ప్రధాన ఖనిజం మాంట్‌మొరిల్లొనైట్ వర్గానికి చెందినది. అది తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుదించుకొని పగుళ్ళిస్తుంది. కుండీలో ఆ ముద్ద గోడను వదలి దూరంగా జరుగుతుంది. తరువాత పోసిన నీరు ఆ సందులోనుండి సూటిగా క్రిందికి పోయి రంధ్రంలోనుండి బయటపడుతుంది. నీరు బాగా ఇంకుతున్నదని మనం సంతోషిస్తాము. ముద్ద మధ్యభాగం పొడిగానే ఉంటుంది. తెలంగాణలోని చెల్క నేలలలోను, రాయలసీమలోని ఎర్రనేలలలోను ఉండే బంకమన్ను చాలభాగం కయొలినైట్ వర్గానిది. ఇనుము ఆక్సైడు వల్ల ఎర్రనిది, అంతగా ఉబ్బదు. కుండీకి మట్టిని ఆధారంగా వాడదలచినచో ఇదియే మేలైనది. సేంద్రియపదార్థం తక్కువ అన్నదొక్కటే దీని లోపం, దానిని మనం కలుపుకొనవచ్చును. ఏ మట్టి ఏ తరగతిదో తెలియనప్పుడు గాజుసీసాలో మూడవవంతు మట్టి వేసి, నీరు నింపి, బాగా కుదిపి, కదలకుండ నిలబెట్టండి. ఇసుక ఒక నిమిషంలోనే అడుగుకు చేరుతుంది. ఒండ్రు కొన్ని గంటలలో దిగుతుంది. బంకమన్ను మరునాటికి కూడ నీటిని కలకగానే ఉంచవచ్చును. పొరల మందాన్ని స్కేలుతో కొలిస్తే మట్టి స్వభావం చాలవరకు బోధపడుతుంది.

మొక్కకు తగిన మట్టిని ఎన్నుకొనవలెనన్న వివేకం కొత్తది కాదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో, మెత్తని నేల వృక్షాలన్నిటికీ హితమనీ, దానిలో నువ్వులు చల్లి, పూత దశలో తొక్కించి కలపవలెననీ చెప్పినాడు. నేటి పచ్చిరొట్ట ఎరువు అదియే. పండ్రెండవ శతాబ్దిలో స్పెయిను దేశపు సెవిల్ నగరవాసి ఇబ్న్ అల్ అవ్వామ్ అరబ్బీలో రచించిన కితాబ్ అల్ ఫిలాహా అనే బృహద్గ్రంథంలో తొలి ప్రకరణాలు వరుసగా మట్టి, ఎరువు, నీరు అనే మూడింటిని గురించినవే. అయినను కుండీ మిశ్రమం శాస్త్రీయ పరిశోధనకు లోనైనది చాల ఆలస్యంగా. ఇంగ్లండులో తోటమాలులు ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క రహస్యపు మిశ్రమాన్ని వాడుతూ, దానిని వంశపారంపర్య విద్యగా కాపాడుకొనేవారు. 1930ల దశకంలో లండన్ సమీపానగల జాన్ ఇన్నెస్ సంస్థలో లారెన్స్, న్యూయెల్ అనే ఇరువురు, తమ పరిశోధనకు కావలసిన ప్రిమ్యులా నారు తరచు చనిపోవుచుండుటచే విసిగి, ఈ రహస్యాలన్నిటినీ పరీక్షకు పెట్టినారు. వారు తేల్చినది ఆశ్చర్యకరమైనది. వందల మిశ్రమాలు అనవసరం. విత్తులకు ఒకటి, పెరిగే మొక్కలకు ఒకటి ఉంటే దాదాపు అన్ని మొక్కలకూ సరిపోతాయి. ఆవిరితో శుద్ధిచేసిన గరపమట్టి 7 పాళ్ళు, పీట్ 3 పాళ్ళు, ముతక ఇసుక 2 పాళ్ళు అన్నది వారి ప్రసిద్ధమైన కుండీ మిశ్రమం. 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బేకర్ సంపాదకత్వంలో వెలువరించిన గ్రంథం మట్టినే తొలగించి, సన్న ఇసుక, పీట్‌లతో పని నడిపించినది. 1960లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో బూడ్లీ, షెల్‌డ్రేక్ అనువారు ఇసుకకు బదులు వెర్మిక్యులైట్, పెర్లైట్ అనే తేలికపాటి ఖనిజాలను ప్రవేశపెట్టినారు. ఈనాడు దుకాణాలలో సంచులలో అమ్మే మిశ్రమాలన్నీ ఈ వంశంలోనివే.

పీట్ అనగా చలిప్రాంతాల చిత్తడినేలలలో నాచు వేల సంవత్సరాలు చివికి పేరుకొన్న పదార్థం. సంవత్సరానికి ఒక మిల్లీమీటరు చొప్పున పెరిగే ఈ సంపదను తవ్వి ఓడలలో తెప్పించి మన కుండీలలో పోయడం ఆర్థికంగాను, నైతికంగాను సమర్థనీయం కాదని నా అభిప్రాయం. మనకు దానిని మించిన వస్తువు కోనసీమలోనే ఉన్నది. కొబ్బరిపీచు తీయగా మిగిలే పొట్టు ఒకనాడు రోడ్ల ప్రక్కన గుట్టలుగా పడి ఉండేది. అది తన బరువుకు అనేక రెట్లు నీటిని పట్టి ఉంచుతూనే గాలికి చోటు ఇస్తుంది. పూర్తిగా ఎండిన పీట్ తిరిగి తడవడానికి మొరాయిస్తుంది, కొబ్బరిపొట్టు అట్లు చేయదు. అయితే దీనికి రెండు దోషాలు కలవు. మొదటిది ఉప్పు. కొబ్బరికాయలను కయ్యలలో నానబెట్టడం వల్ల సోడియం, స్వతస్సిద్ధంగా పొటాషియం దీనిలో అధికంగా ఉంటాయి. బజారులో దొరికే ఇటుకలను నీటిలో విప్పి, మంచినీటితో రెండు మూడు మారులు కడిగి, పిండి వాడవలెను. రెండవది, పచ్చి పొట్టులో నత్రజని ఒక వంతు ఉంటే కర్బనం సుమారు నూరు వంతులు ఉంటుంది. దానిని జీర్ణించుకొనే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మిశ్రమంలోనుండి తీసికొనడంచేత మొక్కకు కొరత కలిగి ఆకులు వెలవెలపోతాయి. కావున చివికిన పొట్టునైనా వాడవలె, లేదా పశువుల ఎరువునో వానపాముల ఎరువునో తోడుగా కలపవలె.

తక్కిన వస్తువులను గురించి విస్తరించనక్కరలేదు. కాల్చిన వరిఊక తేలికైనది, గాలినిస్తుంది, ప్రతి రైసుమిల్లు దగ్గర దొరుకుతుంది. బఠాణీ గింజంత ఇటుకముక్కలు, బొగ్గు ఎంతకాలమైనా చివకవు. వేరుశనగపొట్టు రాయలసీమలో చవక గాని త్వరగా చివికిపోయి మిశ్రమం క్రుంగిపోతుంది. పశువుల ఎరువు నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండ ఉండవలె. పచ్చి పేడ వేరును మాడుస్తుంది.

ఇక ఏ మొక్కకు ఏ మిశ్రమం అన్న ప్రశ్న. దీనికి నా సలహా ఏమనగా, జాబితాలను కంఠస్థం చేయడానికి బదులు ఆ మొక్క జన్మస్థలంలో ఎట్లు జీవిస్తుందో ముందుగా తెలిసికొనవలె. మనీప్లాంటు పసిఫిక్ మహాసముద్రంలోని మొరేయా ద్వీపవాసి. అడవిలో చెట్లమొదళ్ళను పట్టుకొని, ఆకులు రాలి చివికిన గుల్ల పదార్థంలో వేళ్ళూని ప్రాకుతుంది. ఫిలోడెండ్రాన్, డీఫెన్‌బాకియా, అగ్లొనీమా, ఆంథూరియం కూడ ఇదే చేమ కుటుంబానికి చెందినవి. వీటికి తేమా కావలె, గాలీ కావలె. కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్ళు, ఇటుకముక్కలో పెర్లైటో ఒక పాలు, వానపాముల ఎరువు ఒక పాలు వీటికి చక్కగా సరిపడుతుంది. ఆంథూరియంకు బొగ్గుముక్కలు మరికొన్ని చేర్చినచో మేలు. అదే కుటుంబపు చేమదుంప నీటికాలువ గట్టున బురదలో పెరుగుతుంది గదా అని అడిగే విద్యార్థి ఉండవచ్చును. నిజమే. కుటుంబం ఒకటైనంత మాత్రాన అలవాట్లు ఒకటి కావు, జన్మస్థలాన్ని చూడుమనుటకు అదియే కారణం.

బ్రహ్మజెముడు తెగకు చెందిన కాక్టస్‌లు, కలబంద, స్నేక్ ప్లాంట్ అని పిలువబడే చాగజాతి మొక్క తమ నీటిని ఆకులలోనో కాండంలోనో దాచుకొనగలవు. మట్టి దాచిపెట్టనక్కరలేదు. ముతక ఇసుక, ఇటుకముక్కలు కలిపి మూడు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు, ఎరువు అర పాలు చాలును. చాగను గురించి ప్రత్యేకంగా చెప్పవలసినదేమనగా, ఇట్టి మిశ్రమంలో నాటిన చాగ కుండీని వేసవి సెలవులలో నీడన వదలివేసినా అది మన కొరకు నిరీక్షించి ఉంటుంది.

ఫెర్న్‌లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాటి సన్నని వేళ్ళు ఒక్కదినం ఎండినా కోలుకొనలేవు. చివికిన ఆకుమట్టి, కొబ్బరిపొట్టు ప్రధానంగా ఉండవలె. తూర్పుకనుమలలో మామిడికొమ్మలపై పెరిగే వాండా వంటి ఆర్కిడ్‌లను మట్టిలో నాటడం వాటిని పాతిపెట్టడమే. వృక్షోపజీవులైన ఈ మొక్కల వేళ్ళకు వెలామిన్ అనే తెల్లని స్పాంజివంటి పొర ఉంటుంది. వాన కురిసినప్పుడు క్షణాలలో నీటిని పీల్చుకొని, తరువాత గాలిలో ఆరుతూ ఉండడం దాని ధర్మం. పెద్ద బొగ్గుముక్కలు, ఇటుకముక్కలు, కొబ్బరిడొక్కల ముక్కలు తప్ప వేరొకటి దానికి అక్కరలేదు.

తామరను, కలువను తొట్టిలో పెంచేవారు మాత్రం ఇంతవరకు చెప్పినదంతా మరచిపోవచ్చును. వీటి కాడలలో గాలిగొట్టాలు ఉండి ఆకునుండి వేరుకు ప్రాణవాయువును చేరవేస్తాయి. వీటికి కావలసినది బరువైన బంకమట్టియే. కొబ్బరిపొట్టు వేస్తే నీటిపై తేలుతుంది, ఎరువు ఎక్కువైతే నీరు కుళ్ళుతుంది. మొదట నిందించిన నల్లరేగడి ఇక్కడ గౌరవస్థానం పొందుతున్నది.

మిశ్రమంలోని గాలి, నీరు సరిపోయినా రసాయన కారణాలచేత మొక్క క్షీణించవచ్చును. తెలంగాణ, రాయలసీమలలో బోరునీరు చాలచోట్ల కఠినజలం. దానిలోని బైకార్బొనేట్లు మాసాల తరబడి కుండీలో చేరి మిశ్రమాన్ని క్షారంగా మారుస్తాయి. అప్పుడు ఇనుము ఉన్నా కరగదు. నూరువరహాల మొక్క లేత ఆకులు పసుపువారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం దీనికి గుర్తు. ఇనుము ఎరువు పోసినంత మాత్రాన ఇది కుదరదు. పి.హెచ్. విలువను 6 ప్రాంతానికి తేవలె. వాననీటిని పట్టి ఉంచి పోయగలిగితే అంతకు మించిన ఔషధం లేదు.

ఫ్లోరైడు విషయం మరింత గమనింపదగినది. మనదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు తొలుత 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించినారు. తరువాత నల్లగొండ జిల్లా ప్రజలు దానివల్ల పడిన బాధలు లోకవిదితం. మనుషుల ఎముకలను వంచిన ఆ నీరే డ్రసీనా, క్లోరోఫైటమ్ మొక్కల ఆకుల కొసలను గోధుమరంగుగా మాడుస్తుంది. ఆ కుటుంబపు మొక్కలు ఫ్లోరైడును బయటకు పంపలేక ఆకుకొసలలో పేర్చుకొంటాయి. అట్టి నీరున్న చోట్ల వీటి మిశ్రమంలో సూపర్‌ఫాస్ఫేటు కలుపరాదు, దానిలోనూ ఫ్లోరైడు కలదు. మిశ్రమం మరీ ఆమ్లంగా ఉన్నచో కొద్దిపాటి సున్నం కలిపితే ఫ్లోరైడు కరగడం తగ్గుతుంది. తెల్లని చారల క్లోరోఫైటమ్ కుండీ ఒకటి మీ ఇంట ఉండి, కొసలు నిరంతరం మాడుచున్నచో, మొక్క సంగతి అటుంచి, మీరు త్రాగే నీటిని ఒకమారు పరీక్షకు పంపడం మంచిది. కొసలు మాడడానికి ఉప్పు, పొడిగాలి వంటి ఇతర కారణాలు కూడ లేకపోలేదు. అయినను నీటి పరీక్షకు అయ్యే ఖర్చు స్వల్పం.

రాజమహేంద్రవరం సమీపాన కడియం ప్రాంతపు నర్సరీలనుండి మొక్కలు మన రాష్ట్రాల నలుమూలలకు లారీలలో వస్తున్నవి. వేళ్ళచుట్టూ గోదావరి ఒండ్రుమట్టి ముద్ద ఉండుటచే అవి ప్రయాణంలో చెదరకుండా చేరుతాయి. ఆ పనికి ఆ ముద్ద ఉత్తమమైనది. కాని కొన్నవారు ఆ ముద్దను అట్లే తెచ్చి, చుట్టూ గుల్ల మిశ్రమం నింపి నాటుతున్నారు. పోసిన నీరు చుట్టూనున్న గుల్లలోనుండి జారిపోతుంది. ముద్ద ఒకసారి ఎండితే తడవడం కష్టం. అది తడిసేదాకా పోస్తే ఆరడం కష్టం. తెచ్చిన వారందినాలు నీడన ఉంచి, బకెట్టు నీటిలో ముద్దను నానబెట్టి, చేతితో మెల్లగా బయటి సగం మట్టిని కరిగించి, అప్పుడు నాటవలె. వర్షాకాలం ఆరంభం దీనికి అనువైన అదను. గులాబీ వంటివాటి వేళ్ళను మొత్తం కడుగరాదు.

తయారుచేసిన మిశ్రమం మంచిదో కాదో కొలిచి తెలిసికొనే పద్ధతి ఒకటి కలదు. మన ప్రయోగశాలలో కొలజాడీ ఉన్నవారందరూ చేయదగినది. రెండు లీటర్లు పట్టే ప్లాస్టిక్ కుండీ రంధ్రాలను మైనంతో మూసి, మిశ్రమం నింపి, ఉపరితలంపై మెరుపు కనిపించేవరకు మెల్లగా నీరు పోయండి. ఒక గంట ఆగి, రంధ్రాలు తెరచి, కారిన నీటినంతా జాడీలో పట్టండి. 300 మిల్లీలీటర్లు వచ్చినదనుకొనండి. 2000లో 300 అనగా నూటికి 15. ఆ నీరు విడిచిన చోటునంతా గాలి ఆక్రమించినది. సాధారణ మొక్కలకు ఈ సంఖ్య 10కి 20కి నడుమ ఉండవలె. ఆర్కిడ్‌లకు ఇంకను ఎక్కువ కావలె. నల్లరేగడితో, ఎర్రమట్టితో, కొబ్బరిపొట్టు మిశ్రమంతో విడివిడిగా ఈ ప్రయోగం చేసి సంఖ్యలను ప్రక్కప్రక్కన వ్రాసికొన్న విద్యార్థికి ఈ వ్యాసంతో ఇక పని లేదు.

ఒకే మిశ్రమం మట్టికుండీలో ఒక విధంగాను, ప్లాస్టిక్ కుండీలో మరొక విధంగాను నడుస్తుందని కూడ గుర్తుంచుకొనవలె. మట్టికుండీ గోడలనుండి నీరు ఆవిరవుతుంది. హైదరాబాదు ఏప్రిల్ ఎండలో అది వరమా శాపమా అన్నది మొక్కనుబట్టి ఉంటుంది. మచిలీపట్నం వంటి తేమగల తీరప్రాంతంలో మిశ్రమాన్ని మరికొంత గుల్లగా చేయడం క్షేమకరం.

కళాశాల విషయానికి వస్తే, జాన్ ఇన్నెస్ పరిశోధకుల మార్గమే మనకు శరణ్యం. రెండు మిశ్రమాలు చాలును. వరండాలోని నీడమొక్కలకు కొబ్బరిపొట్టు మిశ్రమం, ఆవరణలో ఎండన ఉండే గులాబీ, మల్లె, తులసి, క్రోటన్లకు ఎర్రమట్టి రెండు పాళ్ళు, చివికిన ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు గాని కాల్చిన ఊక గాని ఒక పాలు. వీటిని జూన్ మాసంలో ఒకేమారు కలిపి రెండు డ్రమ్ములలో నిలువ ఉంచినచో సంవత్సరమంతా సరిపోతుంది. మేడపై ఉంచే కుండీలకు మట్టి మిశ్రమం వాడకపోవడం కట్టడానికి కూడ శ్రేయస్కరం, తడిసిన మట్టి లీటరుకు దాదాపు రెండు కిలోల బరువు తూగుతుంది.

మొక్క చనిపోయిన కుండీలలోని పాత మట్టిని పారవేయనక్కరలేదు. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు కటాన్, ఆయన సహచరులు ప్రకటించిన పద్ధతి ఒకటి మన ఎండలకు సరిగ్గా సరిపోతుంది. ఏప్రిల్, మే మాసాలలో పాత మట్టిని జానెడు మందాన పరచి, తడిపి, పారదర్శకమైన పాలిథీన్‌తో కప్పి, అంచులను మట్టితో మూసి నాలుగు నుండి ఆరు వారాలు వదలవలె. నల్ల పాలిథీన్ ఇంత వేడిని లోపలికి పంపదు. ఈ వేడికి శిలీంధ్రాలు, నులిపురుగులు, కలుపు విత్తులు చాలవరకు నశిస్తాయి. తరువాత నాల్గవ వంతు కొత్త ఎరువు కలిపి ఆ మట్టిని క్రోటన్లకు, తులసికి వాడవచ్చును. నారు పోసే తొట్లకు మాత్రం కొత్త మిశ్రమమే వాడవలెను.